హనోయ్ నుంచి సైగాన్‌కి, రైల్లో ఇద్దరు

వియత్నాంలో హనోయ్ నుంచి హో చి మిన్ సిటీకి, అంటే పాత సైగాన్‌కి, రైలు దారి 1,726 కిలోమీటర్లు. ఫ్రెంచివాళ్ల పాలనలో 1936లో పూర్తయిన ఈ లైను యుద్ధంలో ముక్కలై, 1976 చివర్లో మళ్లీ కలిసింది. విమానంలో రెండు గంటలు పట్టే దూరానికి రైల్లో ముప్పై గంటల పైనే పడుతుంది. ఆలుమగలు తీరుబడిగా ఆ దేశం చూడాలంటే ఇంతకంటే మంచి దారి లేదు.

మధ్యలో హ్వే, దనాంగ్‌లలో దిగి, నాలుగేసి రోజులుండి మళ్లీ ఎక్కడం మేలు. ఈ రెండు ఊళ్ల నడుమ హాయ్ వాన్ కనుమ దగ్గర రైలు నత్తనడకన కొండను చుట్టి వెళ్తుంది. దక్షిణానికి పోయేటప్పుడు ఎడమ కిటికీలోంచి కిందనే సముద్రం. కుడివైపు, చేతికి తగిలేంత దగ్గరగా అడవి.

చిక్కులు తప్పవు. అక్టోబరు, నవంబరుల్లో అక్కడ వరదల కాలం. తూ బోన్ నది పొంగితే దనాంగ్ దగ్గరి హోయ్ అన్ ఊరి పాత వీధుల్లో పడవలు తిరుగుతాయి, రైళ్లూ ఆగిపోవచ్చు. డబ్బు దండగైందని ఒకరినొకరు దెప్పుకుంటే ఆ రోజు నిజంగానే దండగ. వరదకు తడవకుండా బస ఇచ్చిన ఇంటివాళ్లు తమ సామాను మేడమీదికి చేరుస్తుంటే ఇద్దరూ చెరో చెయ్యి వేస్తే, ఏ గైడూ చూపించని ఊరు కనిపిస్తుంది.

2023 ఆగస్టు నుంచి 90 రోజుల ఈ-వీసా ఇస్తున్నారు కాబట్టి హడావిడి అక్కర్లేదు. తిరుగు విమానానికి ముందు రెండు మూడు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి. డబ్బు, కార్డులు, పాస్‌పోర్టు నకళ్లు ఇద్దరి దగ్గరా విడివిడిగా ఉండాలి.