దుప్పటి ఫొటో

మా నాయిన ఫొటో మా ఇంట్లో ఒక్కటే ఉంది. అది సుత రేషన్ కార్డు కోసం ఇంటిల్లిపాదీ కలిసి దిగింది. ఆయన తాండూరు నాపరాయి గనుల్లో ముప్పై ఏండ్లు బండలు తీసిన మనిషి. హైదరాబాదులో ఎన్ని ఇండ్ల నేలకు ఆయన తీసిన షాబాద్ బండ పరిచారో లెక్క లేదు. ఆ బండల మీద నడిచినోళ్లకు ఆయన మొఖం తెల్వదు. ఆయన చనిపోయినప్పుడు ఆ ఫొటోలోంచి నాయిన ఒక్కన్నే కత్తిరించి పెద్దది చేయించాం. పెద్దగా చేస్తే మొఖమంతా చుక్కలు చుక్కలుగా వచ్చింది. అదే గోడకు పెట్టి దండ వేశాం.

నా చిన్నప్పటి ఫొటో కూడా ఒక్కటే. అది మా ఇంట్లో లేదు.

1998లో నేను ఆరో తరగతి. సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండేదాన్ని. చలికాలం పట్నం నుంచి ఎవరో సంఘమోళ్లు జీపులో వచ్చి దుప్పట్లు పంచారు. నా వంతు వచ్చేసరికి ఫొటో తీసే ఆయన "తలెత్తి ఇటు చూడు, నవ్వు" అన్నాడు. నవ్వాను. ఆయన చెప్పకపోయినా నవ్వేదాన్నే. అప్పటిదాకా నాకంటూ ఒక దుప్పటి లేదు. అక్కా నేనూ అవ్వ పాత చీరెలు కప్పుకొని పండుకునేవాళ్లం.

మూడో రోజు పేపర్లో జిల్లా పేజీలో నా బొమ్మ వచ్చింది. కింద నిరుపేద దళిత బాలికలకు దుప్పట్ల పంపిణీ అని అచ్చేశారు. మా హైస్కూల్లో ఒక పిలగాడు ఆ ముక్క కత్తిరించి, అన్నం మెతుకులతో నా బెంచీకి అతికించాడు. పదో తరగతి అయిపోయేదాకా నా పేరు "దుప్పటి". సార్లు సుత ఒకరిద్దరు నవ్వినోళ్లే. ఆ దుప్పటి వెచ్చగనే ఉండేది. నాలుగేండ్లు కప్పుకున్నాను. కప్పుకున్నప్పుడల్లా ఆ పిలగాని నవ్వే గుర్తొచ్చేది.

వికారాబాదులో డిగ్రీ చదివాను. మా వంశంలో అదే మొదటి డిగ్రీ. తర్వాత డీఎడ్ చేసి 2012 డీఎస్సీలో టీచరునయ్యాను. 2016లో వికారాబాద్ కొత్త జిల్లా అయింది. ఆ ఏడాదే మాకు బిడ్డ పుట్టింది. దవాఖానలో ఉండగానే మా ఆయన ఫోను తీసి, బిడ్డ మొఖం మీది గుడ్డ జరిపి, ఫేస్‌బుక్కులో పెడతానన్నాడు. నేను వద్దన్నాను.

"ఎందుకు వద్దు? మనోళ్ల మొఖాలు ఎన్నడన్న గోడకెక్కినయా? మీ నాయినది చుక్కల బొమ్మ. మా నాయినదైతే అది సుత లేదు. ఇప్పుడన్న మన బిడ్డను నలుగురు చూస్తే తప్పా?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు. ఊరి చివరకు నెట్టినోళ్లం, కనబడాలన్న ఆశ మాకుండదా? నేను దుప్పటి సంగతి చెప్పాను. అప్పటిదాకా పెండ్లాడిన మొగనికి సుత చెప్పుకోలేదు. విని ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. బిడ్డ పెద్దదై తన ఫొటో తానే పెట్టుకునేదాకా మనం పెట్టొద్దు అనుకున్నాం. పుట్టినరోజులకు స్టూడియోకు పోయి కాగితం ఫొటోలు తీయించి ఆల్బం పెట్టాం. చుట్టాలకు కోపమొచ్చింది. మా మేనత్త "దిష్టి తగుల్తదని దాస్తున్నవానే? మా కండ్లు గంత చెడ్డయా?" అని నిష్ఠూరమాడింది.

2022 మే 4న సరూర్‌నగర్‌లో నడిరోడ్డు మీద, మతం దాటి పెండ్లి చేసుకున్నాడని, మా మర్పల్లి దళిత పిలగాన్ని చంపారు. భార్య మొత్తుకుంటుంటే చుట్టూ ఉన్నోళ్లు ఫోన్లు పట్టుకొని వీడియో తీశారు. ఆ వీడియో మా వాడకట్టుకూ వచ్చింది. చిన్న చిన్న పిల్లలు ఒకరికొకరు చూపించుకుంటుంటే గుంజుకున్నాను. బతికినప్పుడు ఎవరూ చూడని మొఖాన్ని చచ్చినంక అందరూ చూశారు. ఆ రాత్రి మా ఆయన మళ్లీ ఫొటోల మాట ఎత్తలేదు.

చట్టాలు కూడా చదివాను. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పిచ్చారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం పద్దెనిమిదేండ్లు నిండనోళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల ఒప్పుదల కావాలంటుంది. కానీ ఇంట్లోవాళ్లు సొంతానికి వాడుకునేదాని జోలికి ఆ చట్టం రాదు. ఫ్రాన్సులో 2024లో ఏకంగా పిల్లల బొమ్మ మీద పిల్లలకే హక్కుందని, దాన్ని తల్లీ తండ్రీ కలిసి కాపాడాలని చట్టం చేశారు. చదివి సంబురపడ్డాను. నేను చేసిందే సరైందని గర్వపడ్డాను.

ఆ గర్వం దిగేటట్టు చేసింది ఒక గని కూలీ ఆమె.

మా బడి తాండూరు దగ్గర. పిల్లల్లో సగానికి పైగా బండల పని చేసేటోళ్ల పిల్లలే. బడిలో ఏం జరిగినా ఫొటో తీయాలి. గుడ్డు పెడితే ఫొటో, యూనిఫాం ఇస్తే ఫొటో. తీసి వాట్సాప్ గ్రూపులో వేస్తేనే పని చేసినట్టు. 2025 ఆగస్టు నుంచి మా టీచర్ల హాజరు సుత ఫోనులో మొఖం చూపిస్తేనే. అలవాటైపోయింది. ఒకనాడు ఎవరో దాతలు బ్యాగులు తెచ్చారు. పిల్లలు బ్యాగులు పట్టుకున్న ఫొటోలు కావాలన్నారు. నేనే వరుసలో నిలబెట్టాను. "తలెత్తండి, నవ్వండి" అన్నాను. తీసి పంపాను. వాళ్లు ఫేస్‌బుక్కులో పెట్టుకున్నారు.

వారం తర్వాత ఆమె వచ్చింది. పనిలోంచి వచ్చినట్టుంది, నెత్తి మీద ఇంకా తెల్లటి దుమ్ము.

"మేడం, మా పిలగాని ఫొటో నువ్వు తీసినవంట. మా మేస్త్రి ఫోనుల చూపిచ్చి, నీ కొడుకు బిచ్చమెత్తుతుండని అందరి ముంగట నవ్విండు. నేను రెక్కలిరుసుకొని సాదుకుంటున్న. బిచ్చమెట్లయితది?"

నాకు నోట మాట రాలేదు. ఆమె పోతూ పోతూ తిరిగి అడిగింది.

"నీకు సుత బిడ్డుందట గద. ఆమె ఫొటో గిట్లనే పెట్టినవా?"

ఆమె కోపంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. నేను లేదన్నాను. ఆమె ఇంకేం అనలేదు.

నా బిడ్డ మొఖాన్ని ఏండ్లకేండ్లు కాపాడుకున్నాను. నాలాంటి ముప్పైమంది పిల్లల మొఖాలను నా చేతులతోనే బజార్లో పెట్టాను. చదువుకున్న తల్లి బిడ్డకైతే ఒప్పుదల కావాలె, గని కూలీ కొడుకుకు అక్కర్లేదా? దుప్పటి పంచినోళ్ల మీద ఇన్నేండ్లు కోపం పెట్టుకున్నదాన్ని, ఆ ఫొటో ఆయన మాటే నా నోట్లోంచి వచ్చింది.

దాతలకు ఫోను చేసి తీసేయమన్నాను. రెండు మూడు సార్లు అడిగితే తీసేశారు. అప్పటికే ఎన్ని ఫోన్లలోకి పోయిందో ఎవరికెరుక? పేపరు ముక్కనైతే బెంచీ మీంచి గీకి పారేశాను. దీన్ని ఎక్కడని గీకేది?

ఇప్పుడు రుజువు కావాలంటే పళ్లెంలో గుడ్డు తీస్తున్నాను. వెనక నుంచి వరుస తీస్తున్నాను. మొఖాలు కావాలన్న దాతలకు తల్లిదండ్రులను అడిగి చెప్తానంటున్నాను. "ఫొటో లేకుంటే మళ్లెవలిస్తరు మేడం?" అని తోటి సార్లు విసుక్కుంటున్నారు. వాళ్ల మాటలో నిజం లేదని అనలేను. ఒకాయన బ్యాగులు తిరిగి తీసుకపోయాడు కూడా.

పోయిన నెల తల్లిదండ్రుల మీటింగుకు ఆమె వచ్చింది. ఇక ఎవరి మొఖమూ తీయనని చెప్పబోయాను. ఆమె అడ్డం వచ్చింది.

"తియ్యొద్దని నేనన్ననా మేడం? తియ్యి. తీసి మాకియ్యి."

తల దువ్వి, కొత్త అంగీ తొడిగి కొడుకును తీసుకొచ్చింది. కొంగుతో తన మొఖం తుడుచుకొని పక్కన నిలబడ్డది. నవ్వమని నేను చెప్పలేదు. తాండూరులో స్టూడియోలో కడిగించి, ఫోనులోంచి వాళ్ల ముందే తీసేసి, కాగితం ఫొటో చేతికిచ్చాను. వాళ్లింట్లో అదే మొదటిదట. ఆమె చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత దుమ్ము తగలకుండా రవికెలో పెట్టుకొని పనికి పోయింది.