బొమ్మయే గాని బొరుసు లేని నాణెము

పాఠశాల వార్షికోత్సవములందు బాలబాలికల వినోదార్థము చిన్న యింద్రజాలములు చేసి చూపుట మాకు చిరకాలపు టలవాటు. అందులకై కూర్చుకొనిన కిటుకు నాణెముల పెట్టె యొకటి మా బల్లసొరుగులో నుండును. అట్టి నాణెముల మంచిచెడ్డలు కనిపెట్టుట యెట్లని పలువురు విద్యార్థులు మమ్మడిగిరి. వారి కోరిక తీర్చుటకును, మా తప్పిద మొకటి చెప్పుకొనుటకును ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

నాణెమును పరీక్షించుట మాకు మొదట నేర్పినవారు మా తాతగారు. 1937లో స్థాపింపబడిన బోధను నిజాము చక్కెర కర్మాగారమునం దాయన కూలిపని చేసిరి. అది 2015లో మూతపడినది. తాతగారి కాలమున కూలి చార్మినారు ముద్రగల హాలీ రూపాయలలో ముట్టెడిది. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సరి. తాతగారు ప్రతి రూపాయను బండమీద పడవైచి చెవి యొగ్గి వినెడివారట. ఖంగుమనినచో మంచిది, బొద్దుగా మ్రోగినచో చెడ్డది. ఆ పరీక్షయే నేటికిని మాకు మొదటి పరీక్ష.

కిటుకు నాణెములలో ముఖ్యమైనది గుల్ల. ఒక నాణెమును వెనుకనుండి తొలిచి, అంచును రవంత వెడల్పు చేయుదురు. మరియొక నాణెము దానిలో నిమిడి, రెండును ఒక్కటిగా కనబడును. మంచి గుల్లను వంచినంతనే లోపలి నాణెము తన బరువుచేతనే జారవలెను. విదిలింప నక్కర యుండరాదు. కదిపినపుడు గలగల లాడరాదు. అంచున నుండు గీట్లు లోపలి నాణెపు గీట్లతో సరిపోవలెను. ప్రాత నాణెముల నడుమ గుల్ల యొక్కటే తళతళలాడినచో చిన్నపిల్లలు సయితము పసిగట్టుదురు. ఇక అయస్కాంతమును మరువరాదు. 1992 మొదలు వచ్చిన ఉక్కు రూపాయ అయస్కాంతమున కంటుకొనును. వేరు లోహముతో చేసిన నకలు అంటుకొనదు.

మడత నాణెము మరియొకటి. దానిని ముక్కలుగా కోసి, అంచునందలి గాడిలో రబ్బరు బిగింతురు. మడిచినపుడు సీసామూతిలో దూరి, లోపల మరల విచ్చుకొనును. దీని ప్రాణమంతయు రబ్బరులోనే యున్నది. మన నిజామాబాదు ఎండలకు రబ్బరు త్వరలో చివుకును. ఒక యేడు మేము దానిని చూచుకొనక వేదిక నెక్కితిమి. నాణెము మూడు ముక్కలై నేల రాలెను. ఆనాడు బాలురు నవ్వినంతగా మరెన్నడును నవ్వలేదు!

మా పెట్టెలో నన్నిటికంటె నేర్పుగా చేసినది రెండువైపుల బొమ్మయే గల రూపాయ. ఒక నాణెమును అంచు మిగులునట్లు తొలిచి, రెండవదానిని అరగదీసి అందులో పొదిగిరి. అతుకు అంచులోపలి వలయములో దాగియున్నది. వ్రేలితో తడవినను తెలియదు. దానిని చూపి మేము మిక్కిలి గర్వించెడివారము.

ఎనిమిదవ తరగతి విద్యార్థి యొకడు దానిని అభ్యాసము చేసెదనని యడిగి తీసికొనెను. వాడు క్రికెట్టు జట్టు నాయకుడు. బోధనులో నొక పాఠశాలతో జరిగిన పోటీలలో, ఎదిరివారి వంతున తానే బొమ్మ కోరి, రెండు మారులు నాణెము నెగురవేసి గెలిచెను. మూడవ మారు అది సిమెంటు గచ్చుమీద పడి బొద్దుగా మ్రోగెను. ఎదిరి నాయకుడు దానిని తీసి రెండువైపుల త్రిప్పి చూచెను. తరువాత చెప్పవలసిన దేమున్నది?

మా యొద్దకు వచ్చి ఆ బాలుడు, "సారూ, సభలో మీరు చేసినప్పుడు అందరు చప్పట్లు కొట్టిరి గదా. మైదానములో నేను చేసినది మాత్ర మెట్లు తప్పు?" అని యడిగెను. వాడు ఎగతాళిగా నడుగలేదు, కన్నీటితో నడిగెను.

మాకు వెంటనే ఉత్తరము తోచలేదు. పిమ్మట నొక పుస్తకము జ్ఞప్తికి వచ్చెను. 1584లో ఇంగ్లండునందు రెజినాల్డ్ స్కాట్ అను నాయన, నాణెములను అరగదీసి రెండు రూపులుగా అతికించు విధమును తన గ్రంథమున వెల్లడించెను. మంత్రగత్తెలను నెపమున నిరపరాధులను చంపుట తగదని చూపుటయే ఆయన యుద్దేశము. బాణామతి భయము నేటికిని వీడని మన పల్లెలకు ఈ మాట కొత్తది కాదు. "నాయనా, సభలోనివారు మోసపోవుటకు ఒప్పుకొనియే కూర్చుందురు. మైదానములోనివారు నిన్ను నమ్మి నిలిచిరి. భేద మదియే" అంటిమి.

మరునాడు వానితో బస్సెక్కి బోధనునకు పోయి ఆ పాఠశాల బాలుర యెదుట ఇరువురమును క్షమాపణ వేడితిమి. తప్పులో సగము మాది. నాణెపు అతుకును పరీక్షించితిమే గాని, అది ఏ చేతికి పోవుచున్నదో పరీక్షింపలేదు. పైగా చెల్లుబాటగు నాణెములను చెరచుట 2011 నాటి నాణెముల చట్టము నిషేధించినదని పిదప తెలిసినది. అట్టి వానిని మరల కొనలేదు.

ఆ రూపాయ యింకను పెట్టెలోనే యున్నది. ఏటేట ఆరవ తరగతి వారికి మొదట దాని అతుకును చూపుదుము. బండమీద పడవైచి దాని బొద్దుమ్రోతను వినిపింతుము. ఆ తరువాతనే ఇంద్రజాలము.