నాలుగు కాళ్ళ నడక

నాంపల్లి స్టేషను దగ్గర, ఆటో వెనక్కి తిరగడానికే చోటు చాలని ఒక సందులో మా ఇల్లు. అటువంటి ఇంటి వాకిట్లో పికప్ ట్రక్కు నిలబడి ఉంటే చూసినవారు నవ్వక ఏం చేస్తారు! కానీ మా పొలం తాండూరు పక్కన ఉంది. అక్కడిది నల్లరేగడి. కందికి ఆ నేల పెట్టింది పేరు. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అయితే నాలుగు చినుకులు పడితే చాలు, ఆ నేలే జిగురుముద్దయి చక్రాన్ని పట్టుకుంటుంది. అందుకని బాపు పట్టుబట్టి ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న బండినే, ఎవరో వాడినదాన్ని, కొన్నాడు.

ఈ ఫోర్ వీల్ డ్రైవ్‌కు తెలుగుమాట కోసం చాలా తంటాలు పడ్డాను. చివరికి 'చతుశ్చక్ర చోదనం' అని ఒకటి కూర్చి, గర్వంగా అమ్మకు వినిపించాను. అమ్మ బియ్యం ఏరుతూ తలెత్తకుండానే, "నాలుగు కాళ్ళ నడక అంటే సరిపోదా?" అంది. సరిపోతుంది.

నిరుడు శ్రావణమాసంలో బాపు ఒక్కడే పొలానికి వెళ్ళి బురదలో దిగబడ్డాడు. చీకటి పడేదాకా అవస్థపడి, చివరికి పక్క చేను వాళ్ళ ట్రాక్టరుతో లాగించుకుని బయటపడ్డాడు. ఆ ట్రాక్టరు నడిపే కుర్రవాడు నవ్వాడట. "తాతా, ముందలి చక్రాలు తిరుగుతనే లేవు, నువ్వు ఫోర్‌ల ఏసుడు మర్చినవు" అన్నాడట. ఇంటికి వచ్చాక బాపు నాతో ఒకటే మాట చెప్పాడు: "నేను ఫోర్‌లనే ఏసిన. బండి మాట ఇనలే."

బాపుకు డెబ్భై రెండేళ్ళు. నేను నమ్మలేదు.

నమ్మకపోవడానికి నా దగ్గర ఆధారం ఉంది. మరుసటి ఆదివారం తెల్లవారుజామున బండి తీసి, స్టేషను ముందునుండి ఆబిడ్స్ దాకా తీసుకువెళ్ళాను. రోడ్డు ఖాళీగా ఉంది. మీట తిప్పాను. దీపం వెలిగింది. జనరల్ పోస్టాఫీసు దగ్గర స్టీరింగు పూర్తిగా తిప్పి ఒక చుట్టు తిరిగి వచ్చాను. బండి వెన్నలో కత్తి దిగినట్టు తిరిగింది. ఇంకేం, అంతా సవ్యంగానే ఉందని తీర్పు ఇచ్చేశాను. "బండికేమీ కాలేదు బాపూ, నువ్వే మరిచిపోయి ఉంటావు. ఇక నీకెందుకీ శ్రమ?" అన్నాను. తాళంచెవి తీసి నా బీరువాలో పెట్టుకున్నాను.

బాపు వాదించలేదు. ఆనాటినుండి పొలానికి రైలులో పోసాగాడు. ఇంటి పక్కనే 1907నాటి స్టేషను ఉండనే ఉంది. చేతిసంచీ పట్టుకుని పొద్దున్నే నడిచి వెళ్ళేవాడు. ఒక్కసారైనా తాళంచెవి అడగలేదు. అడిగి ఉంటే నాకు కొంత సులువుగా ఉండేదేమో.

ఆబిడ్స్ అన్నది ఆరవ నిజాం కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మీనియన్ పెట్టిన అంగడి వల్ల వచ్చిన పేరు. ఆ అంగడి ఎన్నడో పోయింది గాని, నాబోటివారికి ఆబిడ్స్ అంటే ఆదివారం కాలిబాట మీద పరచే పాత పుస్తకాలే. ఈ ఏడు ఎండాకాలంలో అక్కడ కథల సంపుటాలు గాలిస్తుండగా, అట్ట ఊడిన జీపు మరమ్మతు పుస్తకమొకటి చేతికి తగిలింది. జీపు అన్నది రెండవ ప్రపంచయుద్ధం కన్న బిడ్డ. ఆ తరువాత మన దేశంలోనూ బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. బాపు ఉద్యోగకాలమంతా నడిపింది అటువంటిదే. ఆయనకు ఇద్దామని కొన్నాను. ఇవ్వడానికి ముందు నేనే చదివాను. అందులో ఒక పుట దగ్గర నా చేయి ఆగిపోయింది.

నాలుగు చక్రాలకూ శక్తి అందుతుండగా, ఎండిన గట్టి రోడ్డు మీద పూర్తిగా మలుపు తిప్పితే బండి సాఫీగా తిరగకూడదు. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాలకంటె ఎక్కువ దూరం నడవాలి. ఈ తరహా బండ్లలో ముందు ఇరుసునూ వెనుక ఇరుసునూ ట్రాన్స్‌ఫర్ కేసు ఒకే వేగంతో తిరిగేట్టు కట్టివేస్తుంది కనుక, ఆ తేడా సర్దుకునే దారి లేక బండి బిగుసుకుంటుంది, టైర్లు రోడ్డు మీద ఈడ్చుకుపోతాయి. అందుకే తారురోడ్డు మీద ఆ మీట జోలికి పోవద్దంటారు. ఆనాడు నేను పోస్టాఫీసు దగ్గర వెన్నలా తిరిగి వచ్చాను. అంటే ముందు చక్రాలకు శక్తి అందనే లేదు! బండి బాగుందనడానికి నేను చూపిన సాక్ష్యమే బండి బాగాలేదనడానికి సాక్ష్యం.

మరి దీపం ఎందుకు వెలిగింది? మా బండిలో ఆ దీపం చెప్పేది ట్రాన్స్‌ఫర్ కేసు కదిలిందని మాత్రమే. అక్కడినుండి శక్తి ముందు ఇరుసుకు వచ్చినా, చక్రం దగ్గరి హబ్బు దానితో కలుసుకుంటే తప్ప చక్రం తిరగదు. బాపు నడిపిన జీపులో ఆ పనికి బురదలోకి దిగి, హబ్బు మీది మూతను చేత్తో తిప్పవలసి వచ్చేది. చేసిన పని కంటికి కనిపించేది. మా బండిలో ఆ పని వాక్యూమ్ చేస్తుంది. డీజిల్ ఇంజనులో ఆ పీల్పు దానంతటది పుట్టదు కనుక ఒక పంపు ఉంటుంది. దానినుండి సన్నని రబ్బరు గొట్టం ఒక వాల్వు మీదుగా రెండు ముందు చక్రాలకూ చీలుతుంది. గాలి లాగితే హబ్బు కలుస్తుంది, లేకపోతే లేదు. ఆ సంగతి దీపానికి తెలియదు.

ఒక మెకానిక్కును అడిగాను. చక్రాల వంక చూడకుండానే ట్రాన్స్‌ఫర్ కేసు విప్పాలన్నాడు. అతడు చెప్పిన మొత్తం విన్నాక ఇంట్లోనే చూసుకుందామని నిశ్చయించుకున్నాను.

వెనుక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, హ్యాండ్‌బ్రేకు బిగించి, కుడివైపు ముందు చక్రాన్ని జాకీతో లేపాను. జాకీ మీద నమ్మకం చాలక కింద ఒక బండరాయి కూడా చేర్చాను. ఇంజను నడుస్తుండగా, గేరు వేయకుండా మీట తిప్పాను. దీపం యథాప్రకారం వెలిగింది. చక్రాన్ని చేత్తో తిప్పితే గాలిపంఖాలా తిరిగింది. హబ్బు కలిసి ఉంటే అది కదలకూడదు. కోఠీలో కొన్న మల్టీమీటరు పెట్టి చూస్తే వాల్వుకు పన్నెండు వోల్టులూ చక్కగా వస్తున్నాయి. ఇక మిగిలింది గాలిగొట్టం.

దాన్ని పరీక్షించే పంపు నా దగ్గర లేదు. మందుల దుకాణానికి పోయి అన్నింటికంటె పెద్ద సిరంజి అడిగాను. "ఎవరికండీ?" అన్నాడు దుకాణదారు. "బండికి" అన్నాను. నా ముఖం ఒకసారి పరిశీలనగా చూసి ఇచ్చాడు. ఇంజను ఆపి, ఎడమ చక్రానికి పోయే గొట్టాన్ని చీలిక దగ్గర ఊడదీసి, దానికి సిరంజి తగిలించి కాడ వెనక్కి లాగి వదిలాను. కాడ తనంతట తాను లోపలికి జారింది. అంటే లోపల గాలి నిలిచి ఉంది. కుడి గొట్టానికి తగిలించి లాగాను. లాగినచోటే ఉండిపోయింది. ఎక్కడినుండో గాలి చొరబడుతున్నది. ఒకవైపు చిల్లి పడితే రెండోవైపూ పీల్పు చాలదు. కనుక రెండు హబ్బులూ కలవలేదు.

చక్రం వెనుక, మట్టి పేరుకున్న మూలలో దొరికింది. గొట్టం మీద చిన్న చిన్న పంటిగాట్లు, వాటి నడుమ ఒక చీలిక. మా సందులో ఎలుకలకు కొదవ లేదు. ఆ గాట్లలో ఇరుక్కుని ఎండిన నల్లమట్టి ఉంది. మా సందులో నల్లమట్టి లేదు. అంటే, బాపు ఆ రోజు బురదలోకి దిగకముందే గొట్టం తెగి ఉన్నదన్నమాట. ఆ మట్టిని గోటితో గీకి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

కోఠీ దారిలోని విడిభాగాల దుకాణంలో మూర పొడవు గొట్టం కొన్నాను. సిరంజికంటె కాస్త ఎక్కువ ధర, అంతే. బిగించి, ఇంజను నడిపి, మీట తిప్పి, చక్రాన్ని కొంచెం అటూ ఇటూ కదిపాను. లోపల టక్కుమంది. ఆపైన నా బలమంతా పెట్టినా కదలలేదు.

సాయంత్రం రైలుకు బాపు వచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాక తాళంచెవి, పాత గొట్టం ముక్క రెండూ ఆయన ముందు పెట్టాను.

"నువ్వు ఫోర్‌లనే ఏసినవు బాపూ" అన్నాను.

తాళంచెవి ముట్టుకోలేదు. గొట్టం ముక్కను దీపం కిందికి తీసుకుపోయి, వంచి, చీలిక చూశాడు. ఆబిడ్స్‌లో నేను చుట్టు తిరిగిన సంగతి, దీపం సంగతి చెప్పుకొచ్చాను. ఊ కొట్టలేదు.

"ఆ ట్రాక్టరు పిలగానికి చెప్పినవా?" అన్నాడు చివరికి.

"ఇంకా లేదు."

"ఫోను కలుపు. నేను గాదు, నువ్వే చెప్పాలె."

కలిపాను. నేను చెబుతుంటే బాపు వాకిట్లోకి పోయి, పాత సైకిలు ట్యూబు ఒకటి వెదికి తెచ్చి, కొత్త గొట్టానికి తొడుగు వేయడానికి కత్తెరతో నిలువునా చీరసాగాడు.