పటం వెనక చెక్క

మా ఖోలీ గోడకు మూడు పటాలుండేవి. నడుమ లక్ష్మి, ఒక పక్క మార్కండేయుడు, ఇంకో పక్క మా అవ్వా బాపుల పెండ్లి ఫోటో. లక్ష్మి పటం మా తాత గిర్నీలో మగ్గాల ఖాతాలో పనిచేసే రోజుల్లో బోనస్ పైసలతో కొన్నదట. తామరపువ్వు మీద నిలబడ్డ లక్ష్మి, పక్కన పూలమాల పట్టుకున్న ఏనుగు. మా నాయనమ్మ ఆ బొమ్మ చీర అంచుకు జరీ అతికించి, కిరీటానికి చమ్కీలు కుట్టింది. పొద్దుగూకి దీపం పెడితే చమ్కీలు మెరిసేవి.

1982 జనవరి 18న సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది కార్మికుల ఇండ్లలో ఆ ఏడు ఏం జరిగిందో ఈ పత్రిక చదివేవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ముందు ఇత్తడి బిందెలు పోయినయి, తర్వాత అవ్వ మెడలోని గుండ్లు. వానకాలంలో ఒకరోజు పాతసామాను కొనేటాయన వచ్చి లక్ష్మి పటానికి 15 రూపాయలు ఇస్తనన్నడు. అవ్వ పటం దించి, అద్దం మీది కుంకుమ తుడిచి, ఇచ్చేసింది. పటం ఉన్నంత మేర గోడ సున్నం తెల్లగా మిగిలింది. చాలా ఏండ్లు అట్లనే ఉండె.

నాకు నౌకరీ దొరికి చేతిలో నాలుగు పైసలు ఆడినాక ఆ లక్ష్మి కోసం చోర్ బజార్ మటన్ స్ట్రీట్‌లో తిరగడం మొదలుపెట్టాను. మా లక్ష్మి దొరకలేదు. వేరే లక్ష్మిలు, సరస్వతులు, శకుంతలలు దొరికారు. ఇప్పుడు మా ఇంట్లో పదకొండు పటాలున్నాయి. మా ఆవిడ "ఇది ఇల్లా, గుడా" అంటది.

ఈ పటాల కథ కొంచెం చెప్పాలి. రాజా రవివర్మ 1894లో మన ముంబైలోనే అచ్చు ప్రెస్ పెట్టాడు. యంత్రాలు, పనితనం తెలిసినవాళ్ళు జర్మనీ నుంచి వచ్చారు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. ఆ రాళ్ళమీద బొమ్మ గీసి, ఒక రంగు మీద ఇంకో రంగు అద్దుతూ పోవాలి. తర్వాత ప్రెస్ లోనావలా దగ్గరి మళవ్లికి పోయింది. రవివర్మ దాన్ని జర్మన్ పనివాడికే అమ్మేశాడు. 1972లో అక్కడ మంటలు లేచి చాలా కాలిపోయింది. రాజుల మహళ్ళలో నూనెరంగుల్లో ఉన్న బొమ్మలు మన పది అడుగుల ఖోలీకి వచ్చింది ఆ రాళ్ళ పుణ్యానే.

అసలుదేదో నకలేదో ఎట్ల తెలుస్తదని అడుగుతుంటారు. భూతద్దం పెట్టి చూడండి. పాత రాతి అచ్చులో చుక్కలు చిన్నా పెద్దా కలిసి, చేత్తో పెట్టినట్టు లెక్క లేకుండా ఉంటాయి. ఇప్పటి అచ్చులో చుక్కలు బారులు తీరి ఉంటాయి. కింద అంచున ప్రెస్ పేరు ఉన్నా నమ్మొద్దు, పేరు కూడా కలిపే అచ్చేస్తారు. కొత్త కాగితాన్ని టీ నీళ్ళలో తడిపి పాత ఫ్రేములో పెట్టి నాకే ఒకడు అంటగట్టాడు.

ఇక అసలు సంగతి. మా వైపు పాత చాళ్ళు ఖాళీ అవుతున్నాయి. మా పక్క చాళ్‌లో ఒక పెద్దవ్వ ఉండేది, ఆమె పెనిమిటి మా బాపుతో ఒకే ఖాతా. ఆమె గోడకు వీణ పట్టిన సరస్వతి, చీరంతా జరీ. చూడంగనే నా కండ్లు అక్కడే ఆగినయి.

"తీస్కపో బిడ్డా. అద్దం పలిగితే ఎవలకన్న గుచ్చుకుంటది" అంది.

నేను 300 రూపాయలు ఆమె చేతిలో పెట్టాను. దుకాణంలో ఇది వేలల్లో పలుకుతుందని నాకు తెలుసు. ఆమెకు తెలియదు. తెలియదని కూడా నాకు తెలుసు. 15 రూపాయలిచ్చిపోయిన ఆయనకు బహుశా ధర తెలిసి ఉండదు.

ఇంటికొచ్చి ఫ్రేము విప్పాను. తుప్పు మేకులు తీసి, వెనక చెక్క, లోపలి పాత పేపరు తొలగించాలి, లేకపోతే తేమ కాగితానికి ఎక్కుతుంది. చెక్క లోపలి వైపు పెన్సిల్‌తో తెలుగు రాత. ఐదు పేర్లు. ఒక్కో పేరు పక్కన నెల, వారం, పుట్టిన వేళ. నలుగురిని నేనెరుగుదును, కలిసి ఆడుకున్నోళ్ళం. ఐదో పేరు ఎప్పుడూ వినలేదు. దాని పక్కన "శ్రావణం, శుక్రవారం, మబ్బున" అని ఉంది. కింద ఇంకో వారం పేరు రాసి, గీత గీసి ఉంది.

రెండు రోజులు ఆ చెక్కను బీరువా వెనక పెట్టాను. మూడోనాడు పటం, చెక్క రెండూ పట్టుకొని పోయాను. పెద్దవ్వకు చదువు రాదు.

"అది మీ పెదబాపు రాసిండు. సద్వు బిడ్డా" అంది.

చదివాను. ఐదో పేరు కాడ ఆగితే, "సద్వు, సద్వు. తొమ్మిది దినాలే ఉన్నది. ఎవలకు యాదికి లేదు" అంది.

అప్పుడు ధర సంగతి చెప్పాను. ఎందుకు దాచానో కూడా చెప్పాను. ఆమె నా మొకం కొంచెంసేపు చూసి, "గన్ని పైసలా, కాయితానికి!" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది. పటం వద్దంది. చెక్క మాత్రం కొంగుతో తుడిచి ఒళ్ళో పెట్టుకుంది.

సరస్వతికి కొత్త ప్లైవుడ్ వేయించాను. మొన్న పెద్దవ్వ కొడుకు కిరాయికి తీసుకున్న ఇంటికి పోతే, దేవుని అలమారలో ఆ చెక్క రాత బయటికి కనబడేటట్టు నిలబెట్టి ఉంది. మిగతా పైసల్లో సగం ఆనాడే ఇచ్చాను. ఇంకో సగం దసరాకు ఇవ్వాలి.