వెనకాల బరువు

మా ఊళ్ళో ట్రక్కంటే ట్రాక్టర్ వెనకాల తగిలించేది. ధాన్యం, ఇటుకలు, గడ్డి, పెళ్ళివారు, అన్నీ అందులోనే. అమెరికాలో ట్రక్కంటే ముందు పోయేది. అందుకే నేను ట్రక్కు కొన్నానని డాలస్ నుంచి ఫోన్ చేసి చెప్తే, నాన్న అడిగిన మొదటి ప్రశ్న: "మరి దాన్ని లాగేదేదిరా?"

నేను కొన్నది ఫోర్డ్ మావరిక్, 2023 మోడల్, హైబ్రిడ్. పెట్రోల్ ఇంజనూ, ఎలక్ట్రిక్ మోటారూ కలిపి 191 హార్స్ పవర్. పికప్పుల్లో చిన్నది. అమ్మ పోయిన తర్వాత నాన్న మొదటిసారి ఇక్కడికొచ్చినప్పుడు బానెట్ ఎత్తించి చూశాడు. ఎంత బరువు లాగుద్దని అడిగాడు. 2,000 పౌండ్లు, అంటే 907 కిలోలు అన్నాను. మనసులో బస్తాల్లోకి మార్చుకున్నాడు. మా వైపు ధాన్యం బస్తా 75 కిలోలు.

"పన్నెండు బస్తాలా!"

ఆయన నవ్వులో న్యాయం ఉంది. అమలాపురం దగ్గర మా ఊళ్ళో, మాకు 36 హార్స్ పవర్ మాస్సీ ఫెర్గూసన్ ఉండేది. సార్వా కోతలప్పుడు యాభై బస్తాలు వేసినా గొణుక్కుంటూ లాగేది. నేను ఇంజనీర్ని కాబట్టి ఊరుకోలేదు. కాగితం తీశాను. గేరు బాక్సు, ఇంజన్ వేడి లాంటివి చాలా ఉన్నాయి గానీ, అసలు సంగతి వేగం. ట్రాక్టర్ గంటకి పాతిక కిలోమీటర్లు పోతే, ఇక్కడ హైవే మీద వంద. వేగం నాలుగింతలైతే శక్తి పదహారింతలు. వంద మీద పోయే పన్నెండు బస్తాల్ని ఆపడం, పాతిక మీద పోయే నూట తొంభై బస్తాల్ని ఆపడంతో సమానం. పైగా ఈ చిన్న అద్దె ట్రెయిలర్లకి సొంత బ్రేకులుండవు.

నాన్న కాగితం కేసి చూసి, "అయితే ఇది లాగే లెక్క కాదు, ఆపే లెక్క," అన్నాడు. తర్వాత వాళ్ళ నాన్న చెప్పిన మాట చెప్పాడు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని కింద తవ్విన కాలవలు పొలాలకే కాదు, పడవలకి కూడా. గట్టు మీద మనుషులు తాడు భుజానేసుకుని ధాన్యం పడవల్ని లాగేవారు. నీటి మీద ఒకసారి కదిలిందంటే లాగడం అంత కష్టం కాదుట. లాకుల దగ్గర ఆపడమే పనిట. గోదావరి కథల్లో నేను చదివిన పడవలన్నీ వెన్నెల్లో సాగిపోయేవే. లాకు దగ్గర గుంజుకునే తాడు గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు.

మొన్న వేసవిలో డాలస్ నుంచి ఆస్టిన్‌కి ఇల్లు మారాం. కంపెనీ ట్రాన్స్‌ఫర్ చేసిందని నాన్నకి చెప్పాను. నిజానికి ఉద్యోగం పోయింది. హెచ్‌-1బి మీద ఉన్నవాడికి దొరికేది 60 రోజుల గడువు. యాభై రెండో రోజున, తక్కువ జీతానికి, ఆస్టిన్‌లో ఇంకోటి దొరికింది. మూవర్స్‌కి డబ్బులు దండగనిపించింది. ట్రెయిలర్ అద్దెకి తీసుకుని, ప్రతి డబ్బా బరువూ ఎక్సెల్‌లో వేశాను. ఖాళీ ట్రెయిలర్‌తో కలిపి 1,900 పౌండ్లు. ఒక్క ట్రిప్పులో అయిపోవాలి.

పుస్తకాలు తీసుకెళ్ళాలా, ఎవరికైనా ఇచ్చెయ్యాలా అని చివరిదాకా తేల్చుకోలేకపోయాను. అందుకని ఆ డబ్బాలు చివర్న, తలుపు దగ్గర పడ్డాయి.

"బరువు ముందుకుండాలిరా. వెనకుంటే తోక ఆడుద్ది."

"లెక్కలో సరిపోయింది నాన్నా."

మొత్తం ఎంతో నా లెక్కలో ఉంది. ఎక్కడుందో లేదు. బరువులో పదో వంతుకి తగ్గకుండా హిచ్ మీద పడాలని మాన్యువల్లో చదివాను కూడా.

ట్రెయిలర్ మీద 55 మైళ్ళు దాటొద్దని స్టిక్కరుంది. హిల్స్‌బరో దాటాక నేను 65లో ఉన్నాను. పక్కనుంచి పెద్ద లారీ ఒకటి దూసుకుపోయింది. ఆ గాలికి ట్రెయిలర్ ఎడమకి ఊగింది, కుడికి ఊగింది, తర్వాత మా బండినే ఊపడం మొదలెట్టింది. నా కాలు బ్రేకు మీదకి పోతోంది.

"బ్రేకు కొట్టకు. కాలు తీసెయ్. స్టీరింగ్ అలాగే పట్టుకో."

కాలు తీశాను. ఊగి ఊగి సర్దుకుంది.

తర్వాతి పెట్రోల్ బంకులో ఆపాం. టెక్సాస్ ఎండలో గంటసేపు సామానంతా దింపి, పుస్తకాలు ముందుకి సర్దాం. అయ్యాక నాన్న బంపర్ మీద కూర్చుని నీళ్ళు తాగాడు.

"మన ట్రాక్టర్ తుఫానుకి పోలేదురా," అన్నాడు.

1996 నవంబర్ తుఫాను. అప్పుడు నాకు ఏడేళ్ళు. కొబ్బరిచెట్లు, వంటింటి కప్పు, ట్రాక్టర్, మా ఇంట్లో లేనివన్నీ తుఫానుకి పోయినవే.

"తడిసిన ధాన్యం. ఆ రోజైతేనే కొంటానన్నాడు మిల్లాయన. రెండు ట్రిప్పులు వెయ్యాల్సింది ఒక్కటే వేశాను. లాగుతోంది కదా అని. వంతెన దిగేటప్పుడు ట్రక్కే ట్రాక్టర్ని తోసేసింది. పైన కూర్చున్న కుర్రాడికి కాలు పోయింది. ట్రాక్టర్ అమ్మింది అందుకు. మీ అమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు."

ఆ కుర్రాడు నాకు తెలుసు. చంకకర్రతో మా వీధిలోంచే వెళ్ళేవాడు. ప్రతి దాళ్వాకీ వాళ్ళింటికి మా ఇంటినుంచి బియ్యం ఎందుకు వెళ్ళేవో నేనెప్పుడూ అడగలేదు.

కాసేపాగి అన్నాను. "నాన్నా, ఇది ట్రాన్స్‌ఫర్ కాదు."

"తెలుసు. రెండు నెలల్నించీ నువ్వు పడుకోటం లేదు."

ఇంకేమీ అడగలేదు. మిగతా దారంతా 55లోనే పోయాం. ఈ బండిలో బ్రేకు మెల్లగా తొక్కితే మోటారు తిరగబడి, ఆపడంలో పోయే శక్తిని కరెంటుగా మార్చి బ్యాటరీలోకి పంపుతుంది. ఎంత శాతం వెనక్కొచ్చిందో ఆగిన ప్రతిసారీ స్క్రీన్ మీద పడుతుంది. మామూలుగా నేను చూడను. ఆస్టిన్‌లోకి దిగాక సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ నాన్న ఇటు వంగి, కళ్ళజోడు సర్దుకుని చదివాడు.

"ఎనభై ఎనిమిది," అన్నాడు. మళ్ళీ సిగ్నల్ పడింది. "తొంభై నాలుగు. ఇంకా మెల్లగా."