తోడు కూర్చునేవాళ్లు

మగవాడికి మతిమరుపుంటే మేధావి అంటారు. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే ప్రొఫెసరుగారి మీద బోలెడు జోకులున్నాయి. అదే ఆడది పొయ్యిమీద పాలు మరిచిపోతే అది జోకు కాదు, "ధ్యాస ఎక్కడ తగలేశావ్?" అన్న ప్రశ్న. అవునా, కాదా? మీరే చెప్పండి.

మా తమ్ముడి భార్య ఆ ప్రశ్న వింటూ పెరిగిన మనిషే. ఇంట్లోనే పచ్చళ్ల వ్యాపారం పెట్టింది. చేతిలో అమృతం ఉంది. అర్ధరాత్రి లేచి మునగాకుతో కొత్తరకం పొడి చేస్తుంది. దారిన పోయేవాళ్లతో మాట కలిపి అరకిలో గోంగూర అమ్మేస్తుంది. కానీ బిల్లు రాయడం, జీఎస్టీ రిటర్ను వేయడం, రావలసిన డబ్బు అడగడం, ఈ మూడూ ఆమె పాలిట మూడు కొండలు. రాయాలని తెలుసు. రాయకపోతే ఏమవుతుందో తెలుసు. ఆ బెంగతో రాత్రి నిద్ర కూడా పట్టదు. అయినా కాగితాల ముందు కూర్చుంటే చెయ్యి కదలదు. ఒక ఏడాది ఆవకాయంతా అమ్ముడుపోయింది, సగం డబ్బు మాత్రం చేతికి రాలేదు. ఎవరికెంత పంపిందో రాసి ఉంటేగా! "ఇక మూసెయ్" అన్నాడు మా తమ్ముడు. మూసేస్తే ఆమె ఉత్సాహంతోపాటు, కాయలు కొట్టే ఇద్దరు ఆడవాళ్ల కూలీ కూడా పోతుంది.

అప్పుడు వెళ్లింది డాక్టరు దగ్గరికి. ఇది బద్ధకం కాదమ్మా, ఏడీహెచ్‌డీ అన్నారాయన. మనసు ఒకచోట నిలపడం, పని మొదలుపెట్టడం, టైము అంచనా వేయడం కష్టమవుతాయట. అది చిన్నపిల్లల సమస్య కదా అనుకున్నాం అందరం. ఇటువంటి పిల్లల గురించి లండనులో జార్జ్ స్టిల్ అనే వైద్యుడు 1902లోనే ఉపన్యాసాలిచ్చాడు. ఇప్పుడున్న పేరు 1987లో వచ్చింది. చాలామందికి పెద్దయ్యాకా అది పోదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో పెద్దవాళ్లకు విడిగా లెక్క చెప్పింది: 17 ఏళ్లు నిండినవాళ్లకు, ధ్యాస నిలవకపోవడంలో గానీ కుదురు లేకపోవడంలో గానీ కనీసం 5 లక్షణాలుండాలి. కొన్ని 12 ఏళ్లలోపే కనబడి ఉండాలి. బెంచీలెక్కి దూకే మగపిల్లాడు మాస్టారి కంట పడతాడు. కిటికీలోంచి మబ్బులు చూసే ఆడపిల్ల పడదు. అదీ సంగతి!

మందుల మాట డాక్టర్లు చూసుకుంటారు. నేను చెప్పదలచుకున్నది మనుషుల మాట.

పాల్ ఒర్ఫాలియా అని ఒకాయన ఉన్నాడు. చదవడమూ కష్టమే, కుదురుగా కూర్చోవడమూ కష్టమే. 1970లో కాలిఫోర్నియాలో యూనివర్సిటీ పక్కన చిన్న జిరాక్సు కొట్టు పెట్టాడు. అదే కింకోస్. ఆఫీసులో కూర్చునే పని ఇతరులకు వదిలి, తాను కొట్టు కొట్టుకీ తిరిగి, ఎక్కడ ఏది బాగుందో చూసి మిగతా కొట్లకు చెప్పేవాడు. 2004లో ఆ సంస్థను ఫెడెక్స్ కొనుక్కుంది. తనకు రాని పని వచ్చినవాళ్లకు అప్పగించడం చేతకానితనం కాదని ఆయన్ని చూస్తే తెలుస్తుంది.

మా మరదలు ఆ పని వీధిలోనే మొదలుపెట్టింది. పక్కింట్లో రిటైరైన టీచరుగారున్నారు. రోజూ పదింటికి చేతిలో అల్లిక పట్టుకుని వచ్చి గంటసేపు ఎదురుగా కూర్చుంటారు. లెక్కలు ముట్టుకోరు, సలహాలివ్వరు. ఆవిడ అల్లుతుంటే ఈమె బిల్లులు రాస్తుంది. నమ్మరుగానీ, ఒంటరిగా రెండువారాలు కదలని పని ఆ గంటలో అయిపోతుంది. దీన్ని ఇంగ్లీషువాళ్లు "బాడీ డబ్లింగ్" అంటారట. ఎదురింటి కోడలు వాట్సాప్ ఆర్డర్లు రాసిపెడుతుంది, నెలకింతని జీతం తీసుకుంటుంది. బాకీల ఫోన్లు మా తమ్ముడివి. మూసెయ్యమన్నవాడు కదా, వసూలు చెయ్యమంది!

ఒకటే షరతు పెట్టింది. "వదినా, గుర్తు చెయ్యండి, ఎన్నిసార్లయినా చెయ్యండి. 'ఎన్నిసార్లు చెప్పాలి' అని మాత్రం అనొద్దు."

ఇదంతా దయాధర్మం అనుకునేరు. కాదు. టీచరుగారికి అర్ధరాత్రి ఆయాసం వచ్చినప్పుడు, మిగతావాళ్లం చెప్పులు వెతుక్కుంటుంటే, ఆటో పిలిచి ఆస్పత్రిలో చేర్చింది మా మరదలే. అటువంటి క్షణాల్లో ఆమె బుర్ర పాదరసం. ఎదురింటి కోడలికి వ్యాపారం మెళకువలు నేర్పుతున్నదీ ఆమే. రేపు పోటీ పెడితే ఏం చేస్తావన్నాను. "పెట్టనీండి, కాయలు ఇద్దరం కలిసే కొనుక్కుంటాం" అంది.

1959లో బొంబాయిలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయల అప్పుతో మేడమీద అప్పడాలు ఒత్తితే లిజ్జత్ పుట్టింది. అక్కడా ఒక్కతే అన్నీ చెయ్యలేదు. అసలు మన అమ్మమ్మలు ఆవకాయ ఒంటరిగా పెట్టారా? కత్తిపీట ఒకరిది, కారం దంచేది ఒకరు, పాళ్లు చెప్పేది మరొకరు. మరి అన్నీ ఒక్కచేత్తో చేసుకుంటేనే సమర్థురాలన్న రూలు మధ్యలో ఎవరు పెట్టారో!

మీ వీధిలోనూ లెక్కల పుస్తకం ముందు బిక్కమొహం వేసుకుని కూర్చున్న ఇల్లాలు ఉండే ఉంటుంది. సలహా ఇవ్వకండి. మీ అల్లికో, చాటలో బియ్యమో పట్టుకెళ్లి ఆమెకెదురుగా కాసేపు కూర్చోండి.