హేమావతి ఒడిలో షెట్టిహళ్ళి చర్చి

కర్ణాటకలోని హాసన్ జిల్లా అనగానే బేలూరు, హళేబీడు ఆలయాలే యాత్రికులకు గుర్తుకు వస్తాయి. ఆ హోయసల శిల్పసంపదను కనులారా దర్శించిన పిమ్మట మేము, హాసన్ పట్టణానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, హేమావతీ తీరాన గల షెట్టిహళ్ళికి బయలుదేరాము. అక్కడి జపమాల మాత చర్చి వర్షాకాలంలో నీట మునిగి, వేసవిలో మరల నేలపై నిలుస్తుంది. అది ఏప్రిల్ మాసం కావడంతో మేము గోడల దాకా నడిచి వెళ్ళగలిగాము.

ఈ ప్రాంతంతో ఫ్రెంచి మిషనరీల అనుబంధం పాతది. హిందువుల ఆచార వ్యవహారాలపై గ్రంథం రచించిన అబ్బే దుబ్వా, 1823లో స్వదేశానికి మరలిపోక పూర్వం, ఈ జిల్లాలోనే సాతళ్ళి వద్ద క్రైస్తవ రైతు కుటుంబాలకు ఆశ్రయం కల్పించాడు. షెట్టిహళ్ళి చర్చిని 1860 దశకంలో ఫ్రెంచి మిషనరీలు నిర్మించారు.

ఇది గోతిక్ శైలి కట్టడం. మొనదేలిన తోరణాలు పైభారాన్ని స్తంభాల మీదుగా నేలకు దింపుతాయి. అందువల్లనే అంత ఎత్తు సాధ్యమైంది. ఇటుకలను గానుగసున్నంతో పేర్చారు. సున్నంలో బెల్లం, కోడిగుడ్ల సొన కలిపారని స్థానికులు చెబుతారు. నేడు పైకప్పు లేదు. ఒకనాడు ప్రార్థనలు వినిపించిన మందిరంలో ఆకాశమే కప్పుగా ఉన్నది.

గొరూరు వద్ద హేమావతిపై ఆనకట్ట 1979లో పూర్తయింది. హాసన్, మండ్య, తుమకూరు జిల్లాల పొలాలకు నీరు అందింది. జలాశయ గర్భంలో ఉన్న గ్రామాలు ఖాళీ అయ్యాయి. చర్చి మాత్రం ఒంటరిగా మిగిలింది. నాటినుండి ఏటేటా తడిసి, ఎండుతూ ఉన్నది. తడిసినపుడు ఇటుక నీరు పీల్చుకుంటుంది. ఎండినపుడు లోపలి లవణాలు గట్టిపడి దానిని పొరలు పొరలుగా రాలుస్తాయి. సున్నం కొద్దికొద్దిగా కరిగిపోతుంది. ఎప్పుడూ నీటిలోనే ఉండటం కంటె ఈ రాకపోకలే గోడకు ఎక్కువ చేటు.

నాగార్జునసాగర్ నిండక మునుపు, 1954–60 మధ్య నాగార్జునకొండ లోయలో విస్తృతంగా త్రవ్వకాలు జరిపి, ముఖ్య శిథిలాలను కొండపైకి చేర్చిన సంగతి మన పాఠకులు ఎరిగినదే. షెట్టిహళ్ళికి ఆ భాగ్యం కలుగలేదు. ప్రాజెక్టులు దేశానికి అన్నం పెడుతున్నవి. ఆ మాట కాదనలేము. అయితే ఆ అన్నం కోసం ఊరు విడిచిన వారి త్యాగానికి ఇక్కడ మిగిలిన సాక్ష్యం ఈ గోడలే.

చూడదలచినవారు డిసెంబరు నుండి మే లోగా వెళ్ళడం మేలు. గోడలెక్కవద్దని, వాటిపై పేర్లు చెక్కవద్దని పిల్లలకు ముందే చెప్పండి. వానలు మొదలైతే ఒడ్డునుండే చూడాలి.